ఎడమకి పోయే తుపాకీ

తుపాకీ ఖాళీగానే ఉందని చెప్పిన మనిషిని నేను ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా నమ్మలేదు. నమ్మి ఉంటే ఇది రాయడానికి మిగిలేవాణ్ణి కాదు.

నా పని అలాంటిది. వచ్చినవాడు రెండు గొట్టాల తుపాకీ భుజానికెత్తి, సూటిగా నా కుడికన్ను మీదకే గురిపెట్టాలి. నేను నాలుగడుగుల దూరంలో ఎదురుగా నిలబడి, గొట్టాల వెంబడి వాడి కన్ను ఎక్కడ తేలిందో చూడాలి. కన్ను సరిగ్గా రెండు గొట్టాల మధ్య పట్టీ మీద ఉంటే, భుజానికీ చెంపకీ ఆనే వెనక కర్ర ఆ మనిషికి సరిపోయినట్టు. పైకున్నా, కిందకున్నా, పక్కకి జరిగినా కర్రని సవరించాలి. ఇంతే పని. అయితే ఆ గొట్టాల్లో ఏముందో ముందు నేనే విప్పి చూసుకోవాలి. ఒకసారి బాపట్ల వైపు పెద్దమనిషి ఒకాయన "దేవుడి మీద ఒట్టు సాయిబూ, ఖాళీది" అన్నాడు. విప్పితే ఎడమ గొట్టంలో తూటా ఉంది. "అబ్బే, ఇదెప్పుడు పెట్టానబ్బా!" అని నవ్వాడాయన. నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు.

నా పేరు మస్తాన్. మా నాన్న ఎడ్లబండ్లు చేసేవాడు. నాకు కర్ర పని అక్కడ అబ్బింది. తెల్లదొరలు వెళ్లిపోయిన కొత్తలో గుంటూరులో ఒక తుపాకుల షాపులో చేరాను. ఇప్పుడు ఈ పనిలోకి వచ్చేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఆ కొద్దిమంది కోసమే ఇది రాస్తున్నాను. లైసెన్సులు, ఫారాలు, రిజిస్టర్లు ఎలా రాయాలో ఎవరైనా చెబుతారు. నేను చేసిన ఒక తప్పు గురించి మాత్రం నేను తప్ప ఎవరూ చెప్పరు.

దొర కొలతలు, మన భుజాలు

దొరలు పోతూ పోతూ తుపాకులు ఇక్కడివాళ్లకి అమ్మేసి పోయారు. మంచి సరుకు. అక్రోటు కర్ర, పల్చటి గొట్టాలు, ఇనుము మీద పూలతీగల చెక్కడం. కాకపోతే అవన్నీ ఆరడుగుల మనుషుల కోసం, పొడుగు మెడల కోసం, దళసరి కోట్ల కోసం చేసినవి. మన దగ్గర రైతు భుజాన ఒక తుండుగుడ్డ ఉంటే గొప్ప. ఆ తుపాకీ ఎత్తబోతే కర్ర వెనక కొస చంకలో తట్టుకునేది, చెంప కర్రకి ఆనేది కాదు. పిట్ట తూర్పున ఎగిరితే గుళ్లు పడమర పోయేవి.

అప్పుడు జనం ఏమనేవాళ్లు? తూటాలు కల్తీ అనేవాళ్లు. గొట్టం వంకరనేవాళ్లు. గుంటూరు ప్లీడరు ఒకాయనైతే తన తుపాకీకి ఎవరో చేతబడి చేయించారని నాతో గంటసేపు వాదించాడు. చివరికి తేలిందేమిటంటే, ఆయన మెడ పొట్టి, కర్ర వంపు లోతు. చెంప ఆనే అంచు మీద అరంగుళం ఎత్తు వేసి పంపాను. మరుసటి నెల రెండు కముజు పిట్టలు కొట్టానని చెప్పి పంపాడు. చేతబడి గురించి మళ్లీ ఎత్తలేదు.

కర్రని పక్కకి వంచాలంటే అవిసెనూనె కాగబెట్టి, సన్నబడిన మెడ దగ్గర గుడ్డ చుట్టి, ఆ నూనె చెంచాతో పోస్తూ బిగింపులో పెట్టి, వెంట్రుకవాసి చొప్పున తిప్పాలి. తొందరపడితే ఫట్‌మంటుంది. అలా రెండు పాడు చేశాను. ఆ రెండూ నేర్పినంత మా యజమాని నేర్పలేదు.

మా యజమాని రంగారావు గారు

ఆయన నేర్పింది వేరే. అనుమానం నేర్పారు.

"ఒరేయ్ మస్తానూ, ఈ గడప తొక్కిన ప్రతివాడూ అబద్ధం ఆడతాడు. కొట్టలేనివాడు తుపాకీని తిడతాడు. పక్కవాడికి తుపాకీ ఎరువిచ్చినవాడు ఇవ్వలేదంటాడు. నువ్వు మనిషి మాట వినకు. కర్రని చూడు."

చూశాను. కర్ర నిజంగానే చెబుతుంది. చీరాల నుంచి ఒక బట్టల వ్యాపారి వచ్చాడు. తన తుపాకీ తను తప్ప ఇంకెవరూ ముట్టుకోరన్నాడు. కుడిచేతి వాటం వాడి చెంప కర్రకి ఎడమ పక్కన ఆనుతుంది. చెమట జిడ్డు అటు పట్టాలి. ఈయన కర్రకి కుడి పక్కన నల్లగా మరక పట్టింది. "మీ ఇంట్లో ఎడంచేతి వాటం ఎవరికండీ?" అని అడిగాను. మనిషి మొహం పాలిపోయింది. బావమరిదికట. లైసెన్సు లేకుండా వాడుతున్నాడట. రంగారావు గారు నా వీపు తట్టారు.

ఆ తట్టుడుతో నాకు పొగరెక్కింది, దాచేదేముంది? ఏ కర్ర చూసినా దాని వెనక ఒక దొంగ కనిపించేవాడు. ఎవడు ఏ లోపం చెప్పినా ముందు వాడినే అనుమానించేవాణ్ణి. రంగారావు గారిని చెడ్డ యజమాని అనను, పనిలో నిఖార్సయిన మనిషి. అయితే ఆయన అనుమానం ఎప్పుడూ ఎదుటివాడి మీదే. మా షాపు మీదకి, మా చేతుల మీదకి ఆ అనుమానం ఎన్నడూ మళ్లలేదు. నేనూ అలాగే తయారయ్యాను.

గుమ్మం దగ్గర ఒక బోర్డు కూడా పెట్టాను. కిళ్లీ రసం, పొగాకు రసం పడితే అక్రోటు కర్ర మీద మరక చచ్చినా పోదు. అందుకని "పొగాకు, కిళ్లీ బయటే ఉమ్మి రావలెను" అని నేనే రాయించి, నేనే మేకు కొట్టి తగిలించాను. అందరూ దాన్ని గౌరవించేవాళ్లు. మురుక్కాలవలో ఉమ్మి, పక్కనున్న కుండలో నీళ్లతో నోరు పుక్కిలించి, మూతి తుడుచుకుని లోపలికి వచ్చేవాళ్లు.

ఆ బోర్డు గుర్తుపెట్టుకోండి.

పొదిలి నుంచి వచ్చిన మనిషి

సాగర్ కాలవలు తవ్వుతున్న రోజులు. పొదిలి అప్పటికి నెల్లూరు జిల్లాలో ఉండేది. అక్కడికి దగ్గర్లో ఒక మెట్ట ఊరి నుంచి మాలకొండయ్య అనే రైతు వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. బక్క మనిషి, లోతు బుగ్గలు. వేరుశెనగ చేలల్లో, బావి కింద మిరపతోటలో అడవిపందులు పడి తవ్విపోస్తున్నాయని లైసెన్సు తీసుకుని, ఒక దొర తుపాకీ కొన్నాడు. తక్కువ మాట్లాడతాడు. అదే నాకు అనుమానం. తక్కువ మాట్లాడేవాడు ఏదో దాస్తున్నాడని అప్పట్లో నా లెక్క.

పద్ధతిగా కొలిచాను. గొట్టాలు విప్పి చూసి, ఎదురుగా నిలబడ్డాను. వెనకనుంచి కర్ర ముప్పాతిక అంగుళం కోశాను. బుగ్గలు లోతుకి పోయి ఉన్నాయి కాబట్టి చెంప ఆనేచోట తోలుముక్క వేసి మందం పెంచాను. కన్ను సరిగ్గా పట్టీ మీద తేలింది, ముగ్గు గీతలాగా. నా చేతి మీద నాకే ముచ్చటేసింది.

రెండు నెలలు తిరక్కుండా మళ్లీ వచ్చాడు.

"సాయిబూ, ఎడంపక్కకి పోతావుంది."

"ఎంత?"

"ముప్పై గజాల్లో మూరెడు దాకా. నేనే కాస్త కుడికి జరిపి కొడతా ఉండా. అట్టా కొడితే తగల్తావుంది."

నాకు ఒళ్లు మండింది. నేను చేసిన కర్ర ఎడమకి పోవడమేంటి? "ఎత్తవయ్యా" అన్నాను. ఎత్తాడు. కన్ను పట్టీ మీదే ఉంది, వెంట్రుకవాసి తేడా లేదు. ఇంకేముంది, తేలిపోయింది. మనిషికి చేతకాదు, నా మీద పెడుతున్నాడు.

"చూడు మాలకొండయ్యా, లోపం నీ చేతిలో ఉంది. కుడికి జరపడం గిరపడం మానెయ్. సూటిగా జంతువు మీదే చూపు పెట్టు. నువ్వు చూసినచోటికే పోతుంది. కర్రని నమ్ము."

"నమ్మమంటావా?"

"నమ్మమనే చెబుతున్నా."

తల ఊపి వెళ్లిపోయాడు. నేను ఆ సంగతి రంగారావు గారికి చెబితే ఆయన నవ్వి, "కొట్టలేనివాడు తుపాకీని తిడతాడు" అన్నారు మళ్లీ.

ఎస్సై తెచ్చిన తుపాకీ

మిరప కోతల నాటికి ఆ తుపాకీ మా షాపుకి తిరిగొచ్చింది. తెచ్చింది ఎస్సై. వెనక ఇద్దరు కానిస్టేబుళ్లు, వాళ్ల మధ్య మాలకొండయ్య.

జరిగింది ఇది. మాలకొండయ్యకి వరసకి తమ్ముడు, పెదనాన్న కొడుకు నరసయ్య. ఇద్దరికీ ఒకే బావి. నీళ్ల వంతు దగ్గర గొడవ వచ్చి మూడేళ్లుగా మాటల్లేవు. ఒక ఉదయం పంది మిరపతోటలో పడితే ఊళ్లోవాళ్లు డబ్బాలు కొట్టి లేపారు. అది భయంతో గిర్రున తిరిగి, గట్టు మీదున్న నరసయ్య మీదకి వెళ్లింది. మాలకొండయ్య కాల్చాడు. పందికి తగల్లేదు. పందికి ఎడమ పక్కనున్న నరసయ్య మోకాల్లో రెండు పెద్ద గుళ్లు దిగాయి. పంది అదిరి పారిపోయింది.

సందు చూసుకుని తమ్ముణ్ణి లేపెయ్యబోయాడని ఊరంతా అంది. నరసయ్య కూడా అదే అన్నాడు. ఇప్పుడది హత్యాయత్నం కేసు. మాలకొండయ్య జైలుకి పోతాడా, ఇంటికి పోతాడా అన్నది తేలాల్సి ఉంది.

"ఈ తుపాకీలో లోపమేమన్నా ఉందా? చూసి చెప్పు" అన్నాడు ఎస్సై.

మాలకొండయ్య గుమ్మం దగ్గర ఆగి, సంకెళ్ల చేతులతోనే బోర్డు ప్రకారం ఉమ్మి, నోరు కడుక్కుని వచ్చాడు. చేతులు విప్పించి ఎత్తమన్నాను. కన్ను పట్టీ మీదే తేలింది.

అతను తుపాకీ దించి నా మొహంలోకి చూశాడు. "సాయిబూ, నువ్వు జెప్పినట్టే సూటిగా పెట్టా. పంది మీదే పెట్టా. నువ్వు నమ్మమన్నావు గదా."

వెంటనే అనుమానం తగులుకుంది. వీడు నన్ను కేసులోకి లాగుతున్నాడు! ముందే పథకం వేసుకుని, సాక్ష్యం కోసమే ఆ రోజు వచ్చి ఎడమకి పోతోందని చెప్పి వెళ్లాడేమో! రంగారావు గారి వైపు చూశాను. ఆయన కళ్లతోనే వద్దన్నారు.

"తుపాకీ సరిగ్గానే ఉందండి. గురి తప్పదు" అని రాసి సంతకం పెట్టాను. అతను ముందే వచ్చి చెప్పిన సంగతి రాయలేదు. ఎస్సై అడగలేదు, నేను చెప్పలేదు. మాలకొండయ్య చేతులు ముందుకి చాపి సంకెళ్లు వేయించుకున్నాడు. ఆ చేతులు చాపడం చాలా రోజులు నా కళ్లముందు ఆడింది.

వాపు మొహం మనిషి

పై కోర్టుకి పంపాలా వద్దా అని తేల్చే విచారణకి నన్ను సాక్షిగా పిలిచారు. రంగారావు గారు తోడొచ్చారు. "రాసిందే చెప్పు. ఎక్కువ తక్కువలొద్దు. షాపు పేరు గుర్తుపెట్టుకో" అని దారంతా అదే పాట.

కోర్టు ఆవరణలో బల్ల మీద కూర్చున్నాం. ఎదురు అరుగు మీద ఇద్దరు కానిస్టేబుళ్లు, వాళ్ల మధ్య ఎవడో ఒక మనిషి. కుడి బుగ్గ నిమ్మకాయంత ఉబ్బి ఉంది. పన్ను వాచిందేమో పాపం అనుకున్నాను. ఎవరినైనా చూడగానే మెడ ఎంత, చెంప ఎంత అని కొలవడం నాకు అలవాటు. వీడికైతే చెంప దగ్గర కర్ర లోపలికి చెక్కాల్సి వస్తుంది, లేకపోతే కన్ను ఎడమకి జరిగిపోతుంది అని మనసులో అనుకున్నాను కూడా.

"మాలకొండయ్యా!" అని బంట్రోతు కేకేశాడు.

ఆ మనిషి లేచి గోడవారకి వెళ్లి, బుగ్గనున్న పొగాకు ముద్ద ఉమ్మేసి, మూతి తుడుచుకుని ఇటు తిరిగాడు. లోతు బుగ్గలు. నేను నూలుపోగు తేడా లేకుండా కొలిచిన మొహం.

వాడు రోజంతా బుగ్గన పొగాకుతోనే బతుకుతాడు. చేలో, గట్టు మీద, పంది ఎదురుగా. ఒక్క నా షాపులో తప్ప. అక్కడ నా బోర్డు చూసి ఉమ్మేసి వచ్చేవాడు. ఉబ్బిన బుగ్గ మనిషికి నేను ఖాళీ బుగ్గ కొలత పెట్టాను. పైగా తోలుముక్క వేసి మందం పెంచాను! తూటాలని, గొట్టాన్ని, వాడి చేతిని, చివరికి వాడి మనసుని కూడా అనుమానించాను గానీ, ఆ మేకు కొట్టిన నా చేతిని అనుమానించలేదు.

రంగారావు గారి చెవిలో చెప్పాను. ఆయన నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "నోరు మూసుకో. ఇది బయటపడితే మన దగ్గరికి ఎవడొస్తాడ్రా?"

"వాడు జైలుకి పోతాడండీ."

"పోతే పోతాడు. కావాలనే కొట్టలేదని నీకు తెలుసా?"

తెలియదు. నిజంగా తెలియదు. కానీ వాడు నన్ను నమ్మాడన్నది తెలుసు.

కోర్టులో

నా పేరు పిలిచారు. బోనెక్కి, రాసినదానికి భిన్నంగా మొత్తం చెప్పేశాను. అతను ముందే వచ్చి ఎడమకి పోతోందన్నాడని, కుడికి జరిపి కొడితే తగులుతోందన్నాడని, అలా చెయ్యొద్దని, సూటిగా పెట్టమని నేనే తిట్టి పంపానని చెప్పాను. నా బోర్డు చూసి పొగాకు ఉమ్మేసి వచ్చేవాడని, నేను ఖాళీ బుగ్గకే కొలత పెట్టానని కూడా చెప్పాను.

సర్కారు ప్లీడరు లేచాడు. "అప్పుడు ఎస్సై గారికి ఇదెందుకు చెప్పలేదయ్యా? ఇవాళ ఈ మాట ఎవరు నేర్పారు నీకు?"

ఎవరూ నేర్పలేదంటే ఎవరు నమ్ముతారు? జన్మంతా నేను జనాన్ని చూసిన చూపుతోనే ఆ హాలంతా నన్ను చూసింది. ఆ చూపు ఎంత మంటగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

"అయ్యా, నా మాట నమ్మొద్దు. అతని బుగ్గన పొగాకు పెట్టించి తుపాకీ ఎత్తించండి. మీరే చూడండి" అన్నాను మేజిస్ట్రేటు గారితో.

"ఇప్పుడు పెట్టుకుంటే సరా? ఆ రోజు కూడా బుగ్గన ఉందనడానికి ఏమిటి ఆధారం?" అన్నాడు ప్లీడరు.

అప్పుడు వెనక బల్ల మీదనుంచి చేతికర్ర చప్పుడు వినిపించింది. నరసయ్య లేచి నిలబడ్డాడు. మోకాలు వంగడం లేదు.

"అయ్యా," అన్నాడు. "ఆడి బుగ్గన పొగాకు లేని రోజు నేను పుట్టి బుద్ధెరిగి చూళ్లేదండీ. పెళ్లి పీటల మీద గూడా ఉమ్మలేదు. ఆ పొద్దు పంది నా మీదకొచ్చేటప్పుడు పేరెట్టి నన్ను అరిచాడు. నోట్లో ముద్దతోనే అరిచాడు. మాట ముద్దగా వచ్చింది. నాకు అర్థంగాలా."

"ఏమని అరిచాడు?" అని మేజిస్ట్రేటు గారు అడిగారు.

"ఇప్పుడనుకుంటే, పడుకోమన్నాడేమోనండీ."

మాలకొండయ్య తలెత్తలేదు. భుజాలు కదులుతున్నాయి.

ఉమ్మేసిన పొగాకు పోయింది, వాడి దగ్గర ఇంకోటి లేదు. నరసయ్య కుంటుకుంటూ ముందుకొచ్చి, రొంటిన దోపుకున్న పొగాకు కాడ తీసి, విరిచి, అన్న చేతిలో పెట్టాడు. మూడేళ్ల తర్వాత ఒకరి చెయ్యి ఇంకొకరికి తగలడం అదే మొదటిసారట. తర్వాత చెప్పారు.

మేజిస్ట్రేటు గారు కిందకి దిగారు. నేను విప్పి చూపించినా ఆగక, గొట్టాల్లోకి తనే రెండుసార్లు తొంగిచూసుకున్నారు. ఆ ఒక్కపనికి నాకాయన మీద గౌరవం కలిగింది. గొట్టాలకి ఎదురుగా నా చోటులో నిలబడి ఎత్తమన్నారు. మాలకొండయ్య పొగాకు బుగ్గన పెట్టుకుని ఎత్తాడు. కన్ను పట్టీ వదిలేసి ఎడమ గొట్టం మీదకి జరిగిపోయింది. ఆయన తర్వాత సర్కారు ప్లీడరు కూడా అక్కడే నిలబడి చూశాడు.

కేసు పై కోర్టుకి పోలేదు. నన్ను మాత్రం మేజిస్ట్రేటు గారు నిలబెట్టి నాలుగు మాటలన్నారు. పడ్డాను. రంగారావు గారు ఆరు నెలలు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. షాపుకి వచ్చేవాళ్లు తగ్గిన మాట కూడా నిజమే. ఇవన్నీ సర్దుకున్నాయి. నరసయ్య మోకాలు మాత్రం సరికాలేదు. అది తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

చివరికి

కుర్రాళ్లకి చెప్పేది ఒకటే. గొట్టాల్ని అనుమానించండి, అది ప్రాణం కాపాడుతుంది. మనిషి మాత్రం "ఎడమకి పోతోంది" అంటే ముందు మీ చేతిని అనుమానించండి. వాడు ఎలా తింటాడు, ఏం నములుతాడు, చేలోకి ఏ గుడ్డ కప్పుకుని పోతాడు, అన్నీ అడగండి. షాపులో నిలబడే మనిషిని కాదు మీరు కొలవాల్సింది.

లైసెన్సు, తుపాకీ మాలకొండయ్య చేతికి తిరిగొచ్చేసరికి ఏడాది పట్టింది. పందులకి ఈ కేసు సంగతి తెలియదు కదా, అవి తోటలో పడుతూనే ఉన్నాయి. ఒక మధ్యాహ్నం అన్నదమ్ములిద్దరూ మా షాపు ముందు బస్సు దిగారు. నరసయ్య చేతికర్ర ఊనుకుని రోడ్డు మీదే ఆగాడు. మాలకొండయ్య గుమ్మం దగ్గరికి వచ్చి, అలవాటు ప్రకారం బోర్డు ఉండేచోటికి చూశాడు. అక్కడ మేకు గుంట తప్ప ఏమీ లేదు. అయినా మర్యాద కొద్దీ మురుక్కాలవ వైపు వంగాడు.

నేను లోపలనుంచి పరిగెత్తుకొచ్చి భుజం పట్టుకున్నాను.

"ఉమ్మకు మాలకొండయ్యా. అట్టాగే లోపలికి రా."